కజిమియెష్‌లో ఆ సగం ఊరు
(వార్సాలో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కమిటీవారికి, పొద్దున్నుంచి వంటగదిలో నిలబడే ఉన్న అక్కయ్యలకు, ముందు వరుసలో ఇంత ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు ఉగాది శుభాకాంక్షలు. వచ్చే నెల మన బస్సు కజిమియెష్ డోల్నీ వెళుతోంది, అక్కడ చూడాల్సిన కట్టడాల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. తప్పకుండా చెబుతాను. దాంతో పాటు, పోయినేడు అక్కడికి వెళ్లొచ్చినప్పటి నుంచి మనసులో పెట్టుకున్న మాట ఒకటుంది. అది కూడా చెప్పాకే మైకు వదులుతాను.

విస్తులా నది కుడి గట్టున, లూబ్లిన్ ప్రాంతంలో ఉన్న చాలా చిన్న ఊరు ఇది. ఒక నడివీధి చౌకు, దాని మధ్యలో చెక్క కప్పు వేసిన బావి, చుట్టూ తెల్లటి ఇళ్లు, పైన కొండ మీద కోట శిథిలం, దానికంటే ఎత్తులో గుండ్రటి రాతి బురుజు. 14వ శతాబ్దంలో రాజు మూడో కజిమియెష్ కాలానికే ఇది పట్టణం. కానీ ఊరికి డబ్బు వచ్చింది రాజు వల్ల కాదు, గోధుమ వల్ల, రై ధాన్యం వల్ల. 16, 17 శతాబ్దాల్లో చుట్టుపక్కల జమీందారుల పంటంతా ఇక్కడి గిడ్డంగుల్లో నిల్వ చేసి, విస్తులాలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పెద్ద పెద్ద పడవల్లోకి ఎత్తి గ్డాన్స్క్ రేవుకు పంపేవారు. అక్కడి నుంచి ఓడల్లో హాలండ్‌కు, ఇంకా దూరాలకు. నది పక్కన రోడ్డు మీద నడిస్తే ఆ రాతి గిడ్డంగులు కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకటి మ్యూజియం, ఒకటి హోటల్. వాటి గోడల మందం చూడండి, కిటికీలు ఎంత చిన్నవో చూడండి. ధాన్యం తడవకూడదు, వేడెక్కకూడదు.

ఆ ధాన్యం డబ్బుతో కట్టినవే చౌకులోని ప్షిబివా అన్నదమ్ముల ఇళ్లు. మికోవై, క్షిష్టోఫ్ అని ఇద్దరు. 1615లో పక్కపక్కనే కట్టుకున్నారు. అన్నదమ్ములు ఎవరి పేరుగల పునీతుణ్ణి వాళ్లు ఇంటి ముఖం మీద చెక్కించుకున్నారు. క్షిష్టోఫ్ ఇంటి మీదున్న సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ దగ్గర కాసేపు నిలబడండి. ఒక అంతస్తు ఎత్తున్న మనిషి, చేతిలో ఊతకర్రగా ఏకంగా ఒక చెట్టు, భుజం మీద బాల యేసు. నది దాటించే పునీతుడు. నదిని నమ్ముకుని బతికిన వ్యాపారి ఇంటికి అంతకంటే తగిన దేవుడు ఎవరుంటారు? శిల్పి ఆస్థాన శిల్పి కాదని తెలిసిపోతుంది, కొలతలు కుదరవు, ముఖాలు మొరటుగా ఉంటాయి. నాకు మాత్రం రాజప్రాసాదాల్లోని నునుపు బొమ్మలకంటే అవే ఇష్టం.

ఇంజనీరును కాబట్టి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఇళ్ల పైన గోడ ఆకాశంలోకి అంత ఎత్తు లేచి, శిల్పాలతో కిరీటంలా ఉంటుంది చూశారా, అది అలంకారం మాత్రమే కాదు. మన డాబా పిట్టగోడ లాంటిదే, కాకపోతే దాని వెనక పైకప్పు లోపలికి వాలి దాక్కుని ఉంటుంది. చెక్క పలకల కప్పులున్న ఊళ్లో ఒక ఇల్లు అంటుకుంటే వీధంతా పోయేది. మధ్యలో ఎత్తుగోడ ఉంటే మంట ఈ కప్పు మీంచి ఆ కప్పు మీదికి అంత సులువుగా దూకదు. మంటను ఆపడానికి లేపిన గోడ మీద శిల్పి చేయి పడింది. చౌకుకు కాస్త అవతల త్సెలెయ్ వారి ఇంటి పిట్టగోడ అయితే ఇంకా ఘనం, రాక్షస పక్షులూ సర్పాలూ అన్నీ ఉంటాయి.

చర్చి గురించి టూరు గైడు ఎలాగూ చెబుతారు. అక్కడున్న 1620 నాటి ఆర్గన్ వాయిద్యం ఒక్కటి చూడటం మరచిపోకండి.

తర్వాత స్వీడన్ సైన్యం వచ్చింది, ఊరు తగలబడింది. మహమ్మారి వచ్చింది. నది మెల్లగా దారి మార్చుకుంది. 1772లో పొరుగు రాజ్యం ప్రష్యా దిగువ విస్తులాను పట్టుకుని సుంకాలు వేసేసరికి ధాన్యం వ్యాపారం చితికిపోయింది. ఊరు పేదదైపోయింది. ఆ పేదరికమే పాత ఇళ్లను కాపాడింది కూడా. కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పదలచుకున్న మాట మొదలవుతుంది. దయచేసి వినండి. వెనక వరుసల్లో వాళ్లు కూడా.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ఊళ్లో దాదాపు సగం మంది యూదులు. దర్జీలు, కసాయివాళ్లు, పడవ సరుకు వ్యాపారులు, రొట్టెలు కాల్చేవాళ్లు. పెద్ద చౌకు వెనక చిన్న చౌకు ఉంటుంది, వాళ్ల బజారు అదే. వాళ్ల మాంసం దుకాణాల చెక్క కట్టడం నేటికీ అక్కడే ఉంది. 1936లో ఇక్కడి యూదుల భాష యిడ్డిష్‌లో ఒక సినిమా ఈ ఊళ్లో తీశారు, అందులో పెళ్లి సీనుకు ఊరివాళ్లనే పిలిచి కూర్చోబెట్టారు. ఆ సీను నేను ఆపి ఆపి చూశాను. ముసలివాళ్లు, పిల్లలు, కెమెరా వైపు చూడొద్దంటే చూసేసినవాళ్లు. ఆరేళ్ల తర్వాత, 1942లో, నాజీలు వీళ్లను ఊరి నుంచి తరిమి ఓపోలె లూబెల్‌స్కె అనే దగ్గరి పట్టణానికి, అక్కడి నుంచి చావు శిబిరాలకు పంపారు. సగం ఊరండీ. సగం ఊరు.

వాళ్ల ప్రార్థనామందిరం 18వ శతాబ్దపు సున్నపురాయి కట్టడం. యుద్ధంలో పాడైపోయింది. ఊరిని మళ్లీ నిలబెట్టిన వాస్తుశిల్పి కారోల్ శిచిన్‌స్కి దాన్ని కూడా తిరిగి కట్టించాడు. అదే రాయి, బయట అదే రెండంతస్తుల వాలు కప్పు. ఆయన పట్టుదల లేకపోతే ఇవాళ మనం ఫొటోలు దిగే ఊరే ఉండేది కాదు, దానికి ఆయనకు దణ్ణం పెట్టాలి. కానీ 1953లో ఆ మందిరాన్ని తెరిచింది సినిమా హాలుగా. ప్రార్థన చేసుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు మరి. దాన్ని మళ్లీ యూదు సమాజానికి అప్పగించింది ఎన్నో దశాబ్దాల తర్వాతే.

పోయినేడు మన బస్సు వెళ్లింది. గైడు ఆ కట్టడం ముందు ఒక్క నిమిషం ఆగి, 'ఇది పాత సినిమా హాలు' అని చెప్పి నడిచిపోయారు. మనవాళ్లు అందరూ కోడిపుంజు ఆకారపు రొట్టె కొనుక్కున్నారు, బావి దగ్గర ఫొటోలు దిగారు, వచ్చేశారు. రొట్టె కొనొద్దని అనను, పిల్లలకు సరదా. కానీ చెర్న్యావి వెళ్లకుండా వచ్చేశామే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

చెర్న్యావి అంటే ఊరి చివర లోయలో ఉన్న యూదుల శ్మశానం. చౌకు నుంచి నడిచి అరగంట. నాజీలు అక్కడి సమాధి రాళ్లను పెళ్లగించి, గెస్టపో, అంటే తమ రహస్య పోలీసుల, కార్యాలయంగా మార్చిన కొండ మీది సన్యాసుల మఠం ప్రాంగణంలో నేలకు పరిచారు. బూట్ల కింద రాళ్లు! యుద్ధం తర్వాత వాటిని తవ్వి తీశారు. 1984లో తదేఉష్ అవుగుస్తినెక్ అనే వాస్తుశిల్పి ఆ ముక్కలన్నిటినీ ఒక పొడవాటి గోడలో పొదిగాడు. గోడను నిలువునా చీల్చినట్టు మధ్యలో పగులు వదిలాడు. ఆ పగులులోంచి లోపలికి వెళితే వెనక కొండవాలు మీద చెట్ల మధ్య ఇంకా నిలబడి ఉన్న కొన్ని రాళ్లు.

ఆ గోడకు దగ్గరగా వెళ్లి చూడండి. ఒక ముక్క మీద ఆశీర్వదిస్తున్న రెండు చేతులు, వేళ్లు రెండేసి జతగా విడదీసి. అది పూజారి వంశం గుర్తు. కొవ్వొత్తి స్తంభం ఉంటే ఆడమనిషి సమాధి. విరిగిన కొవ్వొత్తి ఉంటే మధ్యలో ఆగిన జీవితం. ఒక రాయి మీద సింహం ముందు సగం ఉంది, వెనక సగం లేదు. పేరు సగంలో తెగిపోయిన రాళ్లు ఎన్నో. ప్షిబివా ఇళ్ల మీది బొమ్మలు చెక్కిన చేతుల్లాంటివే ఈ చేతులు కూడా. అదే మొరటుదనం, అదే శ్రద్ధ. 1994లో పోలండ్ అధ్యక్షుడు ఈ ఊరిని జాతీయ చారిత్రక స్మారకాల తొలి జాబితాలోనే చేర్చింది. ఆ గౌరవం చౌకు ఒక్కదానిదే అనుకుంటే ఆ చేతులకు అన్యాయం చేసినట్టే.

మనం ఈ దేశానికి ఉద్యోగాలకు, చదువులకు వచ్చాం. ఇక్కడి ఇళ్లల్లో అద్దెకుంటున్నాం, పిల్లలు ఇక్కడి బళ్లకు వెళుతున్నారు. ఈ నేల కథలో మనకు నచ్చిన సగమే వింటామంటే ఎట్లా?

కమిటీవారికి నా విన్నపం ఒక్కటే. కార్యక్రమంలో షాపింగుకు రెండు గంటలు ఇచ్చారు. అందులో ఒక గంటన్నర చెర్న్యావికి ఇవ్వండి. పెద్దవాళ్లు నడవలేకపోతే బస్సు అటు వెళుతుంది, డ్రైవరుతో నేను మాట్లాడతాను. మగవాళ్లు టోపీ తెచ్చుకోండి, అక్కడ తల కప్పుకోవడం మర్యాద. పూలు అక్కర్లేదు, రాళ్ల మీద చిన్న గులకరాయి పెట్టడం వాళ్ల ఆచారం. రాళ్లు ఎక్కొద్దని పిల్లలకు ముందే చెప్పండి. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి, కాగితం నా దగ్గరే ఉంటుంది.