చేతులు ఖాళీ, నోట్లో నిప్పు: అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుంది?

(తెర మీద: చేపల రేవు. తలమీద గంపలతో నడిచి వెళ్తున్న ఆడవాళ్లు.)

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఈ అలవాటు కొత్త కాదు. చుట్ట ముట్టిస్తారు, కాలే కొసను నోట్లోపలికి తిప్పుతారు, పెదవులు మూస్తారు, రెండు చేతులా పని చేసుకుంటూ పోతారు. అదే అడ్డపొగ. మగవాళ్లలోనూ ఉంది గానీ, ఎక్కువగా ఆడవాళ్లదే.

దీన్ని వింతగా చూపించే వీడియోలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. ఒక ముసలావిడ నోటి నుంచి పొగ రావడం చూపిస్తారు, వెనక పాట పెడతారు, అక్కడితో సరి. ఆ తల్లి అంగిలి, అంటే నోటి పైకప్పు, ఎలా ఉందో ఒక్కరూ అడగరు. ఈ వీడియో దాని కోసమే.

(తెర మీద: నోటి అడ్డకోత బొమ్మ. చుట్ట, నాలుక, అంగిలి.)

ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. చుట్టంటే ఎండిన పొగాకును పొగాకులోనే చుట్టినది. చాలామంది ఇంట్లోనే చుట్టుకుంటారు. మామూలుగా కాల్చితే నిప్పు బయట ఉంటుంది, పొగ లోపలికి వస్తుంది. అడ్డపొగలో నిప్పు నాలుకకూ అంగిలికీ మధ్య ఉంటుంది. బయటకు కనిపించే చల్లటి కొస గుండా గాలి లోపలికి వెళ్లి ఆ నిప్పును రాజేస్తుంది. పొగ కొంత అదే చుట్టలోంచి, కొంత పెదవుల సందుల్లోంచి బయటికి వస్తుంది. బూడిదను ఉమ్మేస్తారు, లేకపోతే మింగేస్తారు.

నోట్లో తడికి ఆకు నానుతుంది కాబట్టి చుట్ట నెమ్మదిగా కాలుతుంది. మామూలుగా రెండు నిమిషాల్లో అయిపోయే చుట్ట, ఇలా కాల్చితే 18 నిమిషాల వరకూ వస్తుందని పరిశోధకులు రాశారు. డబ్బు కలిసొస్తుంది. కానీ నిప్పు కూడా అంతసేపూ అంగిలి కిందే ఉంటుంది.

(తెర మీద: వరి నాటుతున్న చేతులు. బట్టలు ఉతుకుతున్న చేతులు. తడి వల.)

ఆడవాళ్లే ఎందుకు? అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. ఉతికిన బట్ట మీద, ఒళ్లో బిడ్డ మీద బూడిద రాలదు. అమ్మ కాల్చేది, పక్కింటి అక్క కాల్చేది, నేనూ నేర్చుకున్నాను. వీటిలో ఏది మొదటిదో తేల్చడం కష్టం. నాకు మాత్రం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: పని ఆపి, కూర్చుని చుట్ట కాల్చుకునే తీరిక మగవాడికి ఉన్నంతగా ఆమెకు లేదు. తలమీద గంప ఉన్నా, చేతిలో నారు ఉన్నా, పని ఆగకూడదు. అందుకే అడ్డపొగ మానమని చెప్పేటప్పుడు ఆవిడను తిట్టే హక్కు మనకు లేదనుకుంటాను.

(తెర మీద: పైపు నోట్లో పెట్టుకున్న మనిషి బొమ్మ.)

చేతులు పెట్టకుండా పొగ తాగడం మన ఒక్కచోటే లేదు. గోవాలో ధుమ్టీ అనే చుట్టను ఆడవాళ్లు ఇలాగే తిప్పి కాల్చేవారు. ఇటలీలోని సార్డీనియా దీవిలో, పనామాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా నిప్పు లోపలికి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఐరోపాలో పొగాకు కూరి కాల్చే పైపును పళ్లతో కరచి పట్టుకుని పని చేసుకునేవారు. 17, 18, 19 శతాబ్దాల సమాధులు తవ్వినప్పుడు కొన్ని పుర్రెల్లో పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య గుండ్రటి సందు కనిపిస్తుంది. మట్టి పైపు కాడ ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకుని చేసిన అరుగుదల అది. పైపు తాగేవాళ్లకు పెదవి మీద క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని సోమ్మరింగ్ అనే జర్మన్ వైద్యుడు 1795లోనే రాశాడు.

పైపు వేడికి అంగిలి కూడా మారుతుంది. తెల్లబడుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. ఆ చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. పైపు తాగేవాళ్లు అలవాటు మానేస్తే ఆ మార్పు చాలావరకు పోతుంది, సాధారణంగా క్యాన్సర్‌కు దారితీయదు. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి విషయంలో ఆ భరోసా లేదు. ఇక్కడ వేడి పొగతో పాటు నిప్పు కూడా లోపలే ఉంది. నోట్లోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడెక్కుతుందని లెక్కగట్టారు. ఆ వేడి, పొగాకు మసి, రెండూ కలిసి రోజూ ఒకే చోట పడుతుంటాయి.

(తెర మీద: 1945. తర్వాత 1971.)

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గలోపల, చిగుళ్ల దగ్గర వస్తుంది. పొగాకు నమిలి దవడన పెట్టుకోవడం దానికి పెద్ద కారణం. గట్టి అంగిలికి, అంటే నోటి పైకప్పులో ముందున్న గట్టి భాగానికి, రావడం అరుదు. కానీ విశాఖ ప్రాంతంలో అదే ఎక్కువగా కనిపించేది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ల్యాబులో జబ్బును నిర్ధారించే వైద్యుడు (పాథాలజిస్టు) ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ సంబంధాన్ని ప్రచురించారు. తర్వాత నోటి జబ్బుల పరిశోధకులు పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించింది. ఆ ఫలితాలు 1971లో వచ్చాయి. పరీక్షించినవాళ్లలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే. సగానికి కాస్త తక్కువ! ఇప్పుడు కొత్తతరం అంతగా కాల్చడం లేదు. కానీ అప్పుడు పాతికేళ్లున్న అమ్మాయి ఇవాళ మన ఇంట్లో నాయనమ్మ.

(తెర మీద: టార్చి లైటు, తల వెనక్కి వాల్చిన ముసలావిడ.)

ఇక ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఊరెళ్లినప్పుడు మామ్మను అడగండి: "మామ్మా, ఓసారి నోరు తెరువు, పైన చూస్తాను." పై పళ్ల సెట్టు ఉంటే తీయించండి. వెలుతురు వైపు కూర్చోబెట్టి తల బాగా వెనక్కి వాల్చమనండి. ఫోన్ లైటు సరిపోతుంది. ముందు పళ్ల వెనక నుంచి లోపలి మెత్తటి భాగం దాకా చూడండి.

అడ్డపొగ తాగేవాళ్లకు అంగిలి నల్లగా మారడం చాలా మామూలు. ఆ నలుపు మధ్య రంగు పోయి పాలిపోయిన మచ్చలు ఉండొచ్చు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల చిన్న బుడిపెలు, వాటి మధ్య ఎర్ర చుక్క కనిపించొచ్చు. ఇవి ఉన్నాయని బెంబేలు పడొద్దు, పళ్ల డాక్టరుకు చూపించండి. తుడిచినా పోని మందపాటి తెల్ల మచ్చ ఉంటే వాయిదా వేయకండి. ఎర్రగా వెల్వెట్‌లా ఉన్న మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిగా చేతికి తగిలే గడ్డ, ముట్టుకుంటే రక్తం వచ్చే చోటు, ఇవి కనిపిస్తే ఆ వారంలోనే ఆసుపత్రి.

"నొప్పి లేదులే" అంటారు. ఆ మాట నమ్మి ఆగకండి. మొదట్లో క్యాన్సర్ చాలాసార్లు నొప్పి పెట్టదు. అందుకే అంతమంది ఆలస్యంగా వస్తారు.

అక్కడ డాక్టరు అనుమానం ఉన్నచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు. దాన్ని ల్యాబులో చూసి చెబుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఊళ్లో అంటారు గానీ, అందులో నిజం లేదు. ముక్క తీయకుండా వైద్యం మొదలుపెట్టలేరు. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

(తెర మీద: శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ చూపే మ్యాపు.)

అరవై ఏళ్లు దాటినావిడ ఇప్పుడు మానగలదా? మన శ్రీకాకుళమే దీనికి జవాబు చెప్పింది. 1977లో కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవాళ్లతో ఒక ప్రయత్నం మొదలైంది. ఏటా నోళ్లు చూశారు, దగ్గర కూర్చుని మాట్లాడారు, సినిమాలు, పోస్టర్లు చూపించారు. మానేసినవాళ్లు, తగ్గించినవాళ్లు పెరిగారు. క్యాన్సర్‌కు ముందొచ్చే మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. మందూ లేదు, మాత్రా లేదు, నోరు చూసి మెల్లగా చెప్పడమే.

ఒక్కసారిగా మానలేకపోతే, కనీసం నిప్పు లోపలికి తిప్పడం ఈరోజే ఆపమనండి. చుట్ట ఎలా కాల్చినా ప్రమాదమే, బయటకు తిప్పినంత మాత్రాన మంచిదైపోదు. తర్వాతి మెట్టు పూర్తిగా మానడం. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ఆ వారం ఇంట్లో ఇంకెవరూ ఆవిడ ముందు చుట్ట ముట్టించకుండా చూడండి. సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. ఫోన్ మీరే కలిపి, స్పీకర్ పెట్టి, మామ్మ చేతికివ్వండి.