ఉప్పునీళ్లకు స్పిన్నింగ్ రాడ్: రీల్ సీటు నుంచి గైడ్ల దాకా నీరు దూరకుండా కట్టడం

నమస్కారమండీ. చెన్నై పెరంబూరులో మా మేడ మీది గదిలోంచి మాట్లాడుతున్నాను. చేపలు పట్టే రాడ్ ఒకటి కడుతున్నాను. బల్ల మీద ఉన్నది రెండు ముక్కల కార్బన్ బ్లాంక్, అంటే ఇంకా ఏమీ బిగించని ఉత్త కర్ర. కలిపితే 8 అడుగులు. 20 గ్రాముల నుంచి 60 గ్రాముల దాకా ఎర విసరొచ్చు. కట్టమని అడిగినాయన నెల్లూరు మనిషి, అంబత్తూరులో ఉద్యోగం. సెలవు దొరికితే తెల్లవారకముందే బైకు మీద పులికాట్ పోతారు, ముఖద్వారం దగ్గర పండుగప్ప కోసం. అప్పుడప్పుడు కోవళం నుంచి పడవెక్కి పార, వంజరం వెతుక్కుంటారు. 8 అడుగుల కర్రను బైకు మీద అంత దూరం మోయలేం కదా, అందుకే రెండు ముక్కలు.

పని మొదలుపెట్టే ముందు ఈ పాత రాడ్ చూడండి. మూడేళ్ల కిందట నేనే ఇంకొకరికి కట్టింది. పెద్ద చేప తగిలి లాగుతుండగా రీల్ సీటు, అంటే దారం చుట్టే రీల్‌ని బిగించే భాగం, చేతిలో గిర్రున తిరిగిపోయిందట. చేప పోయింది. ఆయన రాడ్ తెచ్చి ఈ బల్ల మీద పెట్టి, "అన్నా, తప్పెక్కడ జరిగిందో చూడు" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సీటును నిలువుగా కోశాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. బ్లాంక్ సన్నం, సీటు లోపలి రంధ్రం వెడల్పు. ఆ సందు నింపడానికి అప్పట్లో మాస్కింగ్ టేపు చుట్టాను. ఇదిగో ఆ టేపు. గోరు పెడితే నానిన కాగితంలా ఊడి వస్తోంది. అంచు దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుంది. వెనక పిడి కొన సందులోంచి నీళ్లు దూరాయి, టేపు పీల్చుకుంది, జిగురు పట్టు వదిలేసింది. బయటికి మాత్రం రాడ్ కొత్తదానిలా మెరుస్తూనే ఉంది.

అప్పటినుంచి నా చేతి మీద వెళ్లే సముద్రపు రాడ్‌లో టేపు ఉండదు. గట్టి ఫోమ్ ఆర్బర్ వాడతాను. ఆర్బర్ అంటే బ్లాంక్‌కీ సీటుకీ మధ్య కూర్చునే గొట్టం. మూసిన గదుల ఫోమ్ కాబట్టి నీళ్లు పీల్చదు. దీని రంధ్రం మాత్రం బ్లాంక్ సన్నబడే తీరుకు సరిపోయేలా అరగదీసుకోవాలి. సన్నటి కర్రకు గరుకు కాగితం చుట్టి తిప్పుతూ, మధ్యమధ్య బ్లాంక్ మీదకి ఎక్కించి చూసుకుంటూ వెళ్లండి. వేళ్లతో నెడితే జారాలి, వదిలితే ఊగకూడదు. ఈ ఒక్క పనికే నాకు అరగంట పడుతుంది. తొందరపడి ఎక్కువ అరగదీస్తే ఆర్బర్ పారేసి ఇంకోటి తీసుకోండి, జిగురుతో కప్పిపుచ్చొద్దు.

కొలతలు మనిషిని చూసి తీసుకోవాలి. మొన్న ఆయన వచ్చినప్పుడు బ్లాంక్‌కి రీల్‌ని టేపుతో తాత్కాలికంగా కట్టి చేతికిచ్చాను. రీల్ కాడను వేళ్ల మధ్య పట్టుకుని, వెనక కొన మోచేయి దాటి కొంచెం బయటికొచ్చేలా నిలబడమన్నాను. తర్వాత రెండు చేతులతో విసిరినట్టు ఊపమన్నాను. రీల్ కాడ నుంచి వెనక కొన దాకా ఆయనకు 40 సెంటీమీటర్లు కుదిరింది. పొట్టి మనిషికి ఇదే కొలత పెడితే విసిరిన ప్రతిసారీ కొన చొక్కాకు తగులుకుంటుంది. పిడికి ఈవీఏ ఫోమ్ తీసుకున్నాం. కార్క్ చేతికి హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ పడవలో ఎర రక్తం, ఉప్పు, ఎండ తగిలే చోట ఈవీఏ కడుక్కోవడం సులువు.

ఇప్పుడు అతికిద్దాం. సీటు కూర్చునే చోట బ్లాంక్ మెరుపు పోయేంత మేరకే 320 నంబరు కాగితంతో రుద్దండి. నల్లటి పొడి రాలిందంటే కార్బన్ దాకా వెళ్లిపోయారని అర్థం, ఆపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక మళ్లీ వేలితో ముట్టుకోవద్దు. జిగురు ముద్దగా ఉండే రెండు భాగాల ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం ఇక్కడ వద్దు, సర్దుకునే టైమ్ దొరకదు. బ్లాంక్ మీదా, ఆర్బర్ లోపలా బయటా, సీటు లోపలా రాసి, తిప్పుతూ తోయండి. సీటు అంచు చుట్టూ జిగురు ఉంగరంలా బయటికి పొంగాలి. పొంగిందంటే లోపల ఖాళీ లేదని. ఆ పొంగిన జిగురును ఆల్కహాల్ గుడ్డతో తుడిచెయ్యండి. వెనక కొన టోపీ కింద కూడా ఇలాగే నిండుగా పెట్టండి. పాత రాడ్‌లో నీళ్లు దూరింది అక్కడినుంచే.

జిగురు ఆరాక గైడ్లు, అంటే రీల్ నుంచి వచ్చే దారం దూరి పోయే ఉంగరాలు. ముందు బ్లాంక్‌ని కంటి ముందు పెట్టుకుని గన్ గురి చూసినట్టు చూడండి, ఏదో ఒక వైపు కాస్త వంపు కనబడుతుంది. వెన్ను, అంటే బ్లాంక్‌లో ఎక్కువ గట్టిగా ఉండే వైపు, ఎటుందో వెతికి దాని మీదే గైడ్లు పెట్టాలని కొందరంటారు. స్పిన్నింగ్ రాడ్‌కి నేను నిటారుతనమే చూస్తాను. ఆ సహజమైన వంపు పైకి ఉండేలా, గైడ్లు కిందికి వేలాడేలా పెడితే వాటి బరువుకు రాడ్ తిన్నగా నిలుస్తుంది.

ఆయన రీల్ 5000 సైజు. స్పూల్ అంటే రీల్‌లో దారం చుట్టుకుని ఉండే భాగం. దాని ఇరుసు గీతను ముందుకు పొడిగిస్తే అది ఎక్కడో ఒకచోట బ్లాంక్‌ని తాకుతుంది. ఇదిగో, స్పూల్ మధ్యకు ఆనించి సన్నటి దారం లాగి చూపిస్తున్నాను. తాకిన చోటికి పెన్సిల్ గీత పెట్టండి. స్పూల్ నుంచి చుట్టలు చుట్టలుగా వచ్చే బ్రెయిడ్, అంటే అల్లిన దారం, అక్కడికి చేరేసరికి సన్నటి గీతలా సర్దుకోవాలి. అందుకే మొదటి గైడ్ 30 సైజు, తర్వాత 20, 12, అక్కడినుంచి కొన దాకా ఐదూ 8 సైజే. మొత్తం ఎనిమిది, కొన మీద చివరి ఉంగరంగా టిప్ టాప్. బ్రెయిడ్ కొసకు కట్టే లీడర్ అనే దారాన్ని కలపడానికి ఆయన వాడే ముడిని అడిగి వేయించుకున్నాను. దాన్ని 8 సైజు ఉంగరంలోంచి ఇటూ అటూ లాగి, తగులుకోకుండా పోతోందని చూసుకున్నాకే మిగతా గైడ్లు ఎంచుకున్నాను.

ఉంగరాలు సిలికాన్ కార్బైడ్. బ్రెయిడ్ నాసిరకం ఉంగరాన్ని రంపంలా కోస్తుంది, ఆ కోత మళ్లీ దారాన్ని తినేస్తుంది. ఫ్రేము టైటానియం అయితే తుప్పు బెంగ ఉండదు, ధర మాత్రం బాగా ఎక్కువ. ఈయన ఇంటికెళ్లగానే మంచినీళ్లతో కడిగే మనిషి కాబట్టి స్టెయిన్‌లెస్ చాలన్నాను. కడగరని అనిపించే మనిషికైతే టైటానియమే చెబుతాను.

గైడ్లను సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో తాత్కాలికంగా బిగించి, దారం ఎక్కించి, కొనకు లీటరు నీళ్ల సీసా వేలాడదీసి వంచి చూడండి. దారం బ్లాంక్ వంపును అనుసరించాలి. రెండు గైడ్ల మధ్య దారం వంపును వదిలేసి అడ్డంగా తిన్నగా పోతోందంటే ఆ గైడ్‌ని కొంచెం జరపండి. కుదిరిందనుకున్నాక మరో రెండుసార్లు చూడండి.

ఇక గైడ్లను బ్లాంక్‌కి కట్టే దారం చుట్టడం. గైడ్ పాదం, అంటే బ్లాంక్ మీద ఆనే లోహపు భాగం, దాని కొనను అరగదీసి కత్తి అంచులా పలచన చేయండి. మొద్దుగా ఉంటే దారం ఎక్కేటప్పుడు సందు మిగులుతుంది, వంగినప్పుడు కొన బ్లాంక్‌లోకి గుచ్చుకుంటుంది. అరగదీసిన చోట పూత పోతుంది, ఆ లోహం దారం మీద రాసే ఎపాక్సీ కింద పూర్తిగా మునిగిపోవాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. లోహమూ కార్బనూ ఆనుకుని ఉండి మధ్యలో ఉప్పునీళ్లు చేరితే చిన్న బ్యాటరీలా పనిచేసి లోహాన్ని తినేస్తాయి. రెండు ముక్కలు కలిసే చోట పై ముక్క నోటి చుట్టూ కూడా 2 సెంటీమీటర్లు బిగువుగా చుట్టండి. లేకపోతే అక్కడే చీలుతుంది.

ఇప్పుడు ఇది దగ్గరగా చూడండి. పాదానికి రెండు పక్కలా, దారం కింద, చిన్న సొరంగం ఉంది. సూది మొన పట్టేంత సందు. పైనుంచి ఎపాక్సీ రాసి వదిలేస్తే సొరంగం ఖాళీగానే ఉండిపోతుంది, రేపు ఉప్పు చేరేది అందులోకే. బ్రష్ మొనను సొరంగం నోటి దగ్గర ఆనించి ఆగండి. ఎపాక్సీ తనంతట తానే లోపలికి పోతుంది. అవతలి కొసన దారం రంగు ముదురుగా మారిందా, చేరినట్టే. ఎనిమిది గైడ్లకూ ఒక్కోదాని దగ్గర ఇలా ఆగాలి.

పైపూత ఎపాక్సీ రెండు భాగాలూ ఘనపరిమాణం లెక్కన సమానం. విడివిడి సిరంజీలతో తీయండి, తూకం వేయొద్దు, రెండింటి సాంద్రత ఒకటి కాదు. మూడు నిమిషాలు నెమ్మదిగా కలిపి అల్యూమినియం రేకు మీద పరిచేయండి. మన చెన్నై వేడికి కప్పులోనే ఉంచితే తన వేడికి తనే తొందరగా గట్టిపడుతుంది. వానాకాలంలో ఇంకో తలనొప్పి. గాలిలో తడి ఎక్కువైతే పైన జిడ్డులాంటి పొర కడుతుంది. అక్టోబరు నుంచి నేను ఏసీని డ్రై మోడ్‌లో ఓ గంట ముందే వేసి ఉంచుతాను.

టిప్ టాప్‌కి మాత్రం ఎపాక్సీ వద్దు, వేడి జిగురు చుక్క పెట్టండి. ఎప్పుడైనా విరిగితే వేడి చేసి తీసేయొచ్చు.

పిడి పైన తెల్ల అక్షరాలు కనిపిస్తున్నాయా? ఆయన కూతురి పేరు, తెలుగులో రాయమన్నారు. దాని మీదా పూత వేశాను. పూత ఒకవైపుకు జారకుండా రాడ్‌ని తిప్పే మోటారు ఆన్ చేశాను, నిమిషానికి పది చుట్ల లోపే. ఆరు గంటలు ఇలా తిరుగుతుంది, 24 గంటలు ముట్టుకోను, నీళ్లలో దించడానికి వారం ఆగమన్నాను. దుమ్ము లేవకుండా ఫ్యాను కట్టేసి, తలుపు దగ్గరికేసి వెళ్తున్నాను.