నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్... వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ చూసి టెన్షన్ పడాలా?

నమస్కారం అండీ. ఈ రోజు రివ్యూ స్మార్ట్‌వాచ్‌లలో హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ, అంటే గుండె దెబ్బల మధ్య వ్యవధిలో వచ్చే తేడా) ఫీచర్ మీద. జిమ్‌కి వెళ్లేవాళ్ల కోసం కాదు, ఇంట్లో హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ ఉన్నవాళ్ల కోసం. వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ 25 అని కనపడగానే ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె రక్తాన్ని నెట్టే శాతం) పడిపోయిందేమోనని కంగారు పడుతుంటారు కదా, ముందు ఆ లెక్క తేల్చేద్దాం.

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఉండే ఈఎఫ్, గుండె ఎడమ కింది గది తనలోని రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి నెడుతోందో చెబుతుంది. సుమారు 55 పైన ఉంటే నార్మల్. 40 గానీ ఇంకా తక్కువ గానీ ఉంటే కండరం బాగా బలహీనపడినట్టు. హెచ్‌ఆర్‌వీ కండరాన్ని కొలవదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య వ్యవధి ఎంత మారుతోందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది, అంతే.

మరి సంబంధం లేదా? ఉంది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే నెమ్మది. ఇది గుండె వేగాన్ని అదుపులో ఉంచే వేగస్ నరం పని. కండరం నీరసిస్తే శరీరం అడ్రినలిన్ లాంటి హార్మోన్లతో గుండెని తరుముతూనే ఉంటుంది. వేగస్ పట్టు సడలి ఆ తేడా తగ్గిపోతుంది.

1998లో వచ్చిన యూకే-హార్ట్ స్టడీలో 433 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకి హోల్టర్ (గుండె దెబ్బల్ని రోజంతా రికార్డు చేసే చిన్న ఈసీజీ మిషన్) పెట్టి చూశారు. ఎస్‌డీఎన్‌ఎన్ (హెచ్‌ఆర్‌వీని లెక్కకట్టే ఒక కొలత) 100 మిల్లీసెకన్లు దాటినవాళ్లలో ఏడాదికి మరణాలు 5.5 శాతం. 50 కంటే తక్కువ ఉన్నవాళ్లలో 51.4 శాతం!

ఆగండి, ఇప్పుడే వాచ్ వంక చూడకండి. అది 24 గంటల రికార్డింగ్. పగలూ రాత్రీ వచ్చే మార్పులన్నీ అందులో కలుస్తాయి కాబట్టి అంకె సహజంగానే పెద్దది. ఆపిల్ వాచ్ కూడా ఎస్‌డీఎన్‌ఎన్నే చూపిస్తుంది, కానీ కొలిచేది నిమిషం పాటే. చాలా వేరే బ్రాండ్లు చూపించేది ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ అనే ఇంకో హెచ్‌ఆర్‌వీ కొలత, దాని లెక్కే వేరు. పైగా ఆ స్టడీ, హార్ట్ ఫెయిల్యూర్‌కి బీటా బ్లాకర్లు (గుండె మీద అడ్రినలిన్ ఒత్తిడి తగ్గించే మందులు) మామూలుగా వాడకముందుది.

ఇంకో తిరకాసు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉంటే దెబ్బలు అడ్డదిడ్డంగా పడి హెచ్‌ఆర్‌వీ భేషుగ్గా కనపడొచ్చు. పేస్‌మేకర్ నడిపిస్తున్న గుండెలో ఆ అంకెకి అర్థమే ఉండదు.

కాబట్టి నా మాట: ఈ ఒక్క ఫీచర్ కోసం నాన్నగారికి వాచ్ కొనకండి. ఇప్పటికే ఉంటే, వారాల తరబడి ట్రెండ్ చూడండి, డాక్టర్‌కి చూపించండి. అంకె చూసి మందులు మాత్రం ఆపకండి. నన్నడిగితే తూకం మిషనే మేలు, ఒంట్లో నీరు చేరితే బరువులో తెలిసిపోతుంది, ధర కూడా వాచ్ కంటే ఎంతో తక్కువ. రోజూ పొద్దున టిఫిన్‌కి ముందు బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వస్తున్నా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.