పాత బీఎమ్‌ఎక్స్ సైకిల్‌ను మళ్ళీ దారి మీదికి తెద్దాం: మొదటిసారి చేసేవారికి

నమస్కారం. నా ముందు స్టాండు మీద ఉన్నది 1980ల నాటి బీఎమ్‌ఎక్స్ సైకిల్, అంటే మట్టి దారుల పందేలకు చేసిన చిన్న చక్రాల సైకిల్. చైను బిగుసుకుపోయింది. హ్యాండిల్ క్రోమ్ మీద తుప్పు మచ్చలు, టైర్ల పక్కల బీటలు. ఇలాంటిది చేతికి రాగానే పాత రంగు గీకించి కొత్త రంగు వేయించాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. దయచేసి ఆ పని చేయకండి. సీటు, గ్రిప్పులు, బ్రేకులు వెతికితే ఎప్పటికైనా దొరుకుతాయి. ఫ్యాక్టరీలో వేసిన రంగు, దాని మీది స్టిక్కర్లు పోతే పోయినట్టే. మురికి కింద అవి ఎంత బాగున్నాయో తుడిస్తే గానీ తెలియదు. అందుకే ఈ వీడియోలో మీకు రంగు డబ్బా కనిపించదు. విప్పుతాం, శుభ్రం చేస్తాం, బేరింగులు మారుస్తాం, తిరిగి బిగిస్తాం.

పానా పట్టేముందు ఫ్రేమును పరీక్షించాలి. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటోక్రాస్ (మట్టి దారుల మోటారుసైకిల్) పందేలు చూసి, ష్విన్ కంపెనీ వారి స్టింగ్‌రే లాంటి 20 అంగుళాల చక్రాల సైకిళ్ళను మట్టి గుట్టల మీద ఎగిరించడం మొదలుపెట్టారు. ఆ దెబ్బలకు ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులు వంగేవి, చక్రాలు అష్టవంకర్లు పోయేవి. మాంగూస్ కంపెనీ వారి పోతపోసిన మోటోమాగ్ చక్రం, రెడ్‌లైన్ కంపెనీ వారి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) గొట్టాల ఫోర్కు ఆ విరుగుళ్ళలోంచే పుట్టాయి. అంటే మీ చేతిలో ఉన్న సైకిల్ కూడా ఎన్నోసార్లు గాలిలోకి లేచి నేలను గుద్దుకుని ఉండవచ్చు.

ఇక్కడ చూడండి. ఫోర్కు పైభాగం తిరిగే ఈ పొట్టి గొట్టాన్ని హెడ్ ట్యూబు అంటారు. దాని వెనక, కిందికి వాలే గొట్టం అతికిన చోట, అడుగు భాగాన వేలిగోటితో నెమ్మదిగా రాయండి. అడ్డంగా ఉబ్బు తగిలినా, రంగు ముడతపడినా, ఈ బండి ముందు నుంచి దేన్నో గట్టిగా ఢీకొందని అర్థం. వెల్డింగు పక్కన సన్నని తుప్పు గీత ఉంటే అది పగులు కావచ్చు. అలాంటి ఫ్రేమును గోడకు తగిలించి చూసుకోండి గానీ తొక్కకండి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు.

ఫ్రేము బాగుంటే సీరియల్ నంబరు రాసిపెట్టుకోండి. సాధారణంగా అది క్రాంకు (పెడళ్ళు బిగించే కడ్డీ) దూరే గొట్టం అడుగున గానీ, వెనక చక్రాన్ని బిగించే పలకల మీద గానీ ఉంటుంది. తర్వాత రెండు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ముఖ్యంగా బ్రేకు తీగ ఎటు నుంచి ఎటు వెళ్ళిందో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో స్పష్టంగా పడాలి. బిగించేటప్పుడు మీ జ్ఞాపకం కన్నా ఆ ఫోటోలే పనికొస్తాయి.

ఇప్పుడు విప్పుదాం. బిగుసుకున్న ప్రతి నట్టుకూ తుప్పు వదిలించే నూనె పట్టించి, ఒక రాత్రంతా వదిలేయండి. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ మీద నిలువు బోల్టు ఉంటుంది. దాన్ని పూర్తిగా తీయకూడదు. కొన్ని చుట్లు వదులు చేసి, తల మీద రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేయండి. లోపలి బిగింపు ముక్క కిందికి జారి స్టెమ్ వదులవుతుంది.

చాలామంది చిక్కుకునేది క్రాంకు దగ్గర. క్రాంకు రెండు చేతులూ ఒకే ఇనుప కడ్డీని వంచి చేసినవైతే దాన్ని ఒన్ పీస్ క్రాంకు అంటారు. ముందు పెడళ్ళు తీయాలి. పానాను పైకి నిలబెట్టి సైకిల్ వెనకవైపుకు లాగితే రెండు పెడళ్ళూ వదులవుతాయి. ఎడమ పెడలుకు మరలు తిరగేసి ఉంటాయి కాబట్టే ఇలా. ఎడమవైపు క్రాంకు నట్టుకు, దాని లోపల బేరింగును నొక్కిపట్టే కోనుకు కూడా మరలు తిరగేసే ఉంటాయి. వీటిని గడియారం ముళ్ళు తిరిగే దిశలో తిప్పితేనే ఊడతాయి. మామూలు అలవాటుతో బలమంతా పెట్టి తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి. నట్టు, పంటి వాషరు, కోను, బేరింగు వరుసగా తీశాక, క్రాంకును ఏటవాలుగా వంచుతూ చైను చక్రం వైపు నుంచి బయటికి లాగండి.

శుభ్రం చేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. క్రోమ్ మీది తుప్పుకు ఖరీదైన మందులు అక్కర్లేదు. అల్యూమినియం రేకును చిన్న ఉండలా నలిపి, నీటిలో తడిపి రుద్దండి. రేకు క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం నల్లని బురదలా లేచి వస్తుంది. తుడిచి, ఆరబెట్టి, మైనం పూయండి. క్రోమ్ పూత పూర్తిగా లేచిపోయిన చోట గుంటలు మిగులుతాయి, అవి పోవు. ఇనుప భాగాలకు తుప్పు మరీ లోతుగా ఉంటే ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టవచ్చు. అది విషం. గ్లవ్సులు, కళ్ళద్దాలు పెట్టుకుని గాలి ఆడే చోట చేయండి, పిల్లలకు అందనివ్వకండి. అల్యూమినియం భాగాలను, స్టిక్కర్లున్న ఫ్రేమును అందులో ముంచవద్దు. తీశాక వంట సోడా నీటితో కడిగి వెంటనే ఆరబెట్టండి. రంగు మీద మాత్రం మెత్తని గుడ్డ, సబ్బు నీళ్ళు, తర్వాత మైనం. అంతే చాలు.

భాగాలు కొనేటప్పుడు కొలతలు మోసం చేస్తాయి. టైరు మీద 20 x 1.75 అని ఉండటం, 20 x 1 3/4 అని ఉండటం లెక్కలో ఒకటే, రిమ్ము మీద కాదు. టైరు అంచు కూర్చునే చోట వ్యాసం చూస్తే, మొదటిది 406 మిల్లీమీటర్ల రిమ్ముకు, రెండోది 419 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోతుంది. సన్నని 20 x 1 3/8 టైరుకు 451 కావాలి. స్టెమ్ కాడలు 21.1, 22.2 మిల్లీమీటర్లలో ఉంటాయి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి తీరాలి. పెడళ్ళ మరలు ఒన్ పీస్ క్రాంకుకు అర అంగుళం, మూడు ముక్కల (రెండు చేతులు, ఇరుసు విడివిడిగా ఉండే) క్రాంకుకు 9/16 అంగుళం. పాత టైర్లు ప్రదర్శనకు దాచుకోండి, తొక్కడానికి కొత్తవి వేయండి. బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు కూడా కొత్తవే కావాలి. ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి రిమ్మును పట్టదు.

బిగింపు బేరింగులతో మొదలవుతుంది. సైకిల్ హాయిగా సాగేది వీటి వల్లే, అందుకే తొందరపడకండి. బేరింగులోని పాత ఇనుప గుళ్ళు మెరుస్తున్నా పక్కన పెట్టి, అదే కొలతవి కొత్తవి తెచ్చుకోండి. గుళ్ళు కూర్చునే కప్పులను, కోనులను తుడిచి వెలుతురులో చూడండి. గుళ్ళు పరుగెత్తే దారిలో గుంటలు కనిపిస్తే వాటినీ మార్చాలి. గ్రీజు ధారాళంగా పెట్టండి. రేకు చట్రంలో ఉన్న గుళ్ళను అమర్చేటప్పుడు కోను గుళ్ళకే తగలాలి, రేకుకు కాదు. తిప్పితే గరగరమంటే చట్రం తిరగబడిందన్నమాట, తీసి మళ్ళీ పెట్టండి.

కోనును వేళ్ళతో బిగించి, వెనక్కి కొంచెం వదిలి, నట్టు బిగించండి. ఊపితే లూజు తెలియకూడదు, తిప్పితే అడ్డు తగలకూడదు. నట్టు బిగించినప్పుడు కోను కూడా కొద్దిగా కదులుతుంది కాబట్టి ఒక్కసారికి కుదరదు. ఓపికగా సరిచేసుకుంటూ పోవాలి. ఫోర్కు దగ్గరా, చక్రాల దగ్గరా ఇదే పద్ధతి.

ఫోర్కు పెట్టేటప్పుడు చక్రం పట్టే చివరలు ముందుకు ఉన్నాయో లేదో చూసుకోండి. స్టెమ్ మీద కనీస లోతు గీత ఉంటే అది లోపల దాగాలి. హ్యాండిల్‌ను పట్టే నాలుగు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. చైను మధ్యలో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు ఊగాలి. క్రాంకు తిప్పుతూ ఎక్కడైనా బిగుతవుతోందేమో గమనించండి. పాత చైను చక్రాలు కొద్దిగా వంకర పోయి ఉంటాయి, అతి బిగువైన చోటు చూసే వదులు నిర్ణయించాలి.

తొలిసారి తొక్కేది చదునైన ఖాళీ స్థలంలో, హెల్మెట్ పెట్టుకుని. ముందు బ్రేకులు నొక్కి చూడండి, తర్వాతే వేగం. అరగంట తొక్కాక దిగి పానా పట్టుకుని చక్రాల నట్లు, స్టెమ్ బోల్టులు, క్రాంకు నట్టు మళ్ళీ బిగించండి. కొత్త గ్రీజు, కొత్త గుళ్ళు సర్దుకునే కొద్దీ కొంత వదులు రావడం మామూలే. ఎడమ క్రాంకు నట్టును బిగించాల్సింది మాత్రం గడియారం ముళ్ళకు ఎదురు దిశలో.