ఖజానా గుర్తు కాదు, పద్యం!

ఆర్, ఎస్, ఆర్! రోముకు ఎదురుతిరిగి బ్రిటన్‌ను ఏలిన కరౌసియస్ వెండి నాణెం మీదున్న ఈ మూడక్షరాలు ఒక పద్యంలోవని పోయిన వీడియోలో ఒక్క మాట అన్నాను. అంతే, కామెంట్లు పోటెత్తాయి. "అది ఖజానా అధికారి హోదాకు పొడి అక్షరాలు, పాత పుస్తకాల్లో అలాగే ఉంది, మీరు కథలు అల్లకండి" అని పాఠాలు చెప్పారు. అయ్యా, నేను అల్లడం లేదు. అది పద్యం. మళ్లీ చెబుతున్నాను, పద్యం!

కరౌసియస్ ఎవరో రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. సముద్రపు దొంగలను పట్టమని రోము పంపిన నౌకాదళాధిపతి. దొంగలు ఊళ్లు దోచేదాకా ఆగి, తర్వాత వాళ్లను పట్టుకుని ఆ సొత్తు తానే మింగాడని ఆరోపణ. మాక్సిమియన్ చక్రవర్తి ఇతని తల తీయమన్నాడు. ఇతనేమో 286లో అదే తలకు కిరీటం పెట్టుకుని బ్రిటన్‌ను ఏలడం మొదలుపెట్టాడు. 293లో సొంత కొలువులోని అలెక్టస్ చేతిలో చచ్చాడు.

ఇప్పుడు నాణెం చూడండి. బొమ్మ వైపు ఎద్దుమెడ, గడ్డం, మొరటు ముఖం. దాన్ని వదిలేయండి, అందరూ అక్కడే ఆగిపోతారు. బొరుసు వైపు తిప్పి, అన్నిటికంటే కింద, గీత కింద ఉన్న అక్షరాలు చదవండి. ఆర్, ఎస్, ఆర్. "రాషనాలిస్ సుమ్మే రేయి", అంటే ఖజానా పెద్ద అని పాత వివరణ. వినడానికి బాగానే ఉంది. అయితే బ్రిటిష్ మ్యూజియంలో ఇదే కరౌసియస్ కంచు పతకం ఒకటి ఉంది. దాని అడుగున ఆరు అక్షరాలు: ఐ, ఎన్, పి, సి, డి, ఎ. ఇది ఖజానాలో ఏ గుమాస్తా హోదా చెప్పండి?

1990ల చివర్లో గై ద లా బెడోయర్ అనే చరిత్రకారుడు ఈ ముడి విప్పాడు. రోమన్ మహాకవి వర్జిల్ రాసిన నాలుగో ఎక్లాగ్ (గొల్లల పాటల తరహా కవిత), ఆరో పాదం చివర "రెదెయుంట్ సాతుర్నియా రేగ్నా". మూడు మాటలు, మూడు అక్షరాలు. ఆ వెంటనే ఏడో పాదం: "యామ్ నోవా ప్రోగెనియెస్ కైలో దెమిట్టితుర్ ఆల్టో". లాటిన్‌లో యామ్‌కు మొదటి అక్షరం ఐ. లెక్కపెట్టండి, ఆరు మాటలు, ఆరు అక్షరాలు, అదే వరుసలో. ఒక పాదం వెండి మీద, దాని తర్వాతి పాదం కంచు మీద! ఇది కాకతాళీయమా?

నమ్మకం కుదరడం లేదా? ఒక నాణెం మీద "ఉ.క.ఒ.పో." అని, ఇంకోదాని మీద "చూ.చూ.రు.జా.వే." అని ఉందనుకోండి. మీరు అప్పుడే మనసులో వేమన పద్యం పాడేసుకున్నారు కదా! చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన పద్యానికి మొదటి అక్షరాలు చాలు. రోమన్ పిల్లలకు వర్జిల్ అలాంటివాడు. బ్రిటన్ సరిహద్దు పటాలంలో వర్జిల్ ఎవరికి తెలుసని ఒకాయన వెటకారం చేశాడు. అదే సరిహద్దులోని విండోలాండా కోటలో దొరికిన పలుచని చెక్క పలక మీద వర్జిల్ పాదం ఒకటి రాసి ఉంది. అది కరౌసియస్‌కు దాదాపు రెండు వందల ఏళ్ల ముందుది.

అన్నట్టు, మన ఆర్ఎస్ఆర్ పాదానికి అర్థం ఏమిటో తెలుసా? "సాతుర్న్ రాజ్యం తిరిగి వస్తోంది" అని. సాతుర్న్ అంటే మన లెక్కలో శని గ్రహం. శని రాజ్యం వస్తోందంటే మనం నువ్వుల నూనె సీసా పట్టుకుని గుడికి పరుగెత్తుతాం. వాళ్లకేమో అది స్వర్ణయుగం!

ఇక్కడ నా సొంత అనుమానం ఒకటి చెబుతాను, తిట్టుకుంటే తిట్టుకోండి. కరౌసియస్ సామాన్య కుటుంబంలో పుట్టి ఓడల మీద పైకొచ్చినవాడు. ఈ పాదాలు ఎంచింది అతను కాదు. టంకశాల పక్కన ఎవరో బడిపంతులు ఉండి ఉంటాడు. ఎందుకంటే ఇంకో నాణెం మీద "ఎక్స్‌పెక్టాటే వేని", అంటే "ఎదురుచూసినవాడా, రా" అని బ్రిటన్ దేశానికి స్త్రీరూపమైన బ్రిటానియా చేయి కలుపుతూ ఉంటుంది. అది కూడా వర్జిల్ మాటల నీడే. పంతులు గారు ఆగలేకపోయారు!

ఇంకా గడుసుతనం చూడండి. తనను చంపమన్న మాక్సిమియన్, అతనికి పైవాడైన చక్రవర్తి డయోక్లీషియన్, వాళ్లిద్దరి ముఖాల పక్కన తన ముఖం వేసి "కరౌసియస్, అతని సోదరులు" అని నాణెం కొట్టించాడు. ఆ సోదరులను అడగనే లేదు!

ఇవి సేకరించాలనుకునేవారికి ఒక మాట. ఇతని వెండి చాలా అరుదు. 2010లో ఇంగ్లండ్‌లో, సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 నాణేలు దొరికితే, కరౌసియస్‌వి 766. వాటిలో వెండివి ఐదంటే ఐదు. మామూలుగా మన చేతికందేవి కిరణాల కిరీటం ఉన్న రాగి రకం నాణేలు, "పాక్స్" అని శాంతి దేవతతో. కొన్ని పాత చక్రవర్తుల నాణేల మీదే మళ్లీ అచ్చు కొట్టినవి, కింద పాతాయన ముక్కు లీలగా కనిపిస్తుంది. నాకైతే మెరిసే బంగారం కంటే అవే ఇష్టం. దయచేసి చింతపండు పెట్టి మాత్రం తోమకండి! ఆ పచ్చటి పొరతో పాటు గీత కింది అక్షరాలూ పోతాయి, ఆ తర్వాత మనం పోట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

సరే, ఖజానా వాదులారా, మీకు ఆర్ఎస్ఆర్ వదిలేస్తున్నాను. ఐ, ఎన్, పి, సి, డి, ఎ. ఈ ఆరింటినీ ఏ అధికారి హోదాగానైనా విప్పి కింద రాయండి. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను.