గోరుకు తగలని గీత: కారు పెయింటు మీద సన్నగీతలు ఇంట్లోనే పోగొట్టుకోవడం

అందరికీ నమస్కారం.

కారు మీద గీత పడితే దాన్ని తీసేయాలి అంటాం. నిజానికి గీత తీయగలిగే వస్తువు కాదు. అక్కడ ఉండాల్సిన పూత లేచిపోయింది, అంతే. లేనిదాన్ని ఎలా తీస్తాం? మనం చేసేదల్లా గీత చుట్టూ ఉన్న పూతను గీత అడుగుమట్టం దాకా అరగదీయడం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, ఇక ముందు నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి. రుద్దిన ప్రతిసారీ కొంత పూత ఖర్చవుతుంది. ఖర్చయింది తిరిగి రాదు.

మరి మన దగ్గర ఉన్నదెంత? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు రేకు మీద ఉన్న పూతలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపు, అంటే దాదాపు రెండు వెంట్రుకలంత. రేకును అంటిపెట్టుకుని తుప్పు పట్టకుండా ఆపే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. మన పనంతా ఇందులోనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కలిపేది కూడా ఇందులోనే. దీన్ని మరీ పలచన చేస్తే ఆ రక్షణ తగ్గి, కొన్నేళ్లకు బానెట్, టాప్ మీద తెల్లబారి పొట్టు లేస్తుంది. అందుకే కారును వాడినన్నాళ్లూ చేసే పాలిషింగులన్నీ కలిపినా క్లియర్ కోట్ తరుగు 10 మైక్రాన్లు దాటకుండా చూసుకోవాలి.

కాబట్టి ముందు చేయాల్సిన పని గీత ఎంత లోతో తేల్చుకోవడం. గోరును గీతకు అడ్డంగా, మెల్లగా లాగండి. గోరు జారిపోతే గీత పైపైనే ఉంది, పాలిష్‌తో పోతుంది. గోరు టక్కున తట్టుకుంటే లోతు ఎక్కువ. అంచులు మొద్దుబారి కాస్త తక్కువగా కనిపించేలా చేయగలమేమో గానీ పూర్తిగా పోగొట్టాలని పట్టుబడితే క్లియర్ కోట్ అయిపోతుంది. రెండో పరీక్ష నీళ్లు. గీత మీద తడి వేలు రాయండి. తడిగా ఉన్నంతసేపూ గీత మాయమై, ఆరగానే మళ్లీ కనబడితే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. నీళ్లు ఆ గాడిని నింపి వెలుతురు చెదరకుండా ఆపాయన్నమాట. మూడోది రంగు. తెల్లకారు కాకపోతే, లోపల బూడిద రంగో, బాడీ రంగుకు సంబంధం లేని మరో రంగో కనిపిస్తే ప్రైమర్ బయటపడింది. లోహం మెరుస్తుంటే రేకు దాకా దిగింది. ఈ రెండింటికీ పాలిష్ పనికిరాదు, టచప్ పెయింటు వేయాలి. ఉక్కు రేకైతే ఆలస్యం చేయవద్దు, తుప్పు మొదలవుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బంపర్ మూలన తెల్లగానో నల్లగానో కనిపించే చార చాలాసార్లు గీతే కాదు. గోడ సున్నమో, ఎదుటి బండి పెయింటో, ప్లాస్టిక్కో మన పెయింటు మీద అంటుకుని ఉంటుంది. వేలితో తడిమితే గాడిలా లోపలికి ఉండదు, కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది. మైక్రోఫైబర్ గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి అద్ది తుడిస్తే, లేదా తారు మరకలు తీసే ద్రావకం కాసేపు తగలనిస్తే, చాలావరకు వచ్చేస్తుంది. పెయింటు థిన్నర్, పెట్రోలు మాత్రం వాడకండి.

ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించే గీతల సంగతీ చెప్పాలి. అవి గుండ్రంగా ఉండవు. దగ్గరగా చూస్తే అన్నీ పొట్టి తిన్నటి గీతలే, తలో దిక్కుగా ఉంటాయి. వెలుతురు బిందువుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి దాని చుట్టూ వలయాలుగా అమరినట్టు కంటికి అనిపిస్తుంది. టార్చి పక్కకు జరిపి చూడండి, వలయం దానితో పాటే జరుగుతుంది. దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో దులపడమే వీటికి ముఖ్య కారణం. దుమ్ములోని ఇసుక రేణువు క్లియర్ కోట్ కన్నా గట్టిది. గుడ్డ ఎంత మెత్తనిదైనా దాని కింద రేణువు నలుగుతూ గీస్తూనే పోతుంది.

పనిలోకి వద్దాం. కారు నీడలో ఉండాలి. రేకు మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద పాలిష్ నిమిషంలో ఎండిపోయి, పొడిగా మారి కొత్త గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పారించి దుమ్ము దించండి. తరవాత కారు షాంపూతో కడగండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్లకు, ఒకటి మురికి గుడ్డ జాడించడానికి. కడిగాక కూడా చెయ్యికి గరుగ్గా తగిలితే క్లే బార్ పట్టించాలి. అది బంకమట్టి ముద్దలా ఉంటుంది. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, ఒత్తకుండా జార్చాలి. పెయింటులో గుచ్చుకున్న లోహపు పొడి, చెట్ల జిగురు దానికి అంటుకు వస్తాయి. ముద్దను మడిచి శుభ్రమైన ముఖం తిప్పుకుంటూ ఉండండి. నేలమీద పడితే మాత్రం ఎంత కొత్తదైనా పారేయాల్సిందే. దానిలో దిగిన ఒక్క ఇసుక రేణువు డోరు మొత్తం గీసేస్తుంది.

తడి పూర్తిగా తుడిచి, గీత ఉన్న చోటికి దగ్గరలోని అంచులకు, మడత గీతలకు, రబ్బరు బీడింగులకు మాస్కింగ్ టేప్ అంటించండి. ఇది అందం కోసం కాదు. పెయింటు కొట్టినప్పుడు అంచుల మీద, పదునైన మలుపుల మీద పూత పలచగా నిలుస్తుంది. రుద్దేటప్పుడేమో ఒత్తిడంతా అక్కడే పడుతుంది. పాలిష్ చేయబోయి రంగు లేపేసుకున్న కార్లలో దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

ఇప్పుడు మందు. అరగదీసే పొడి కలిపిన పేస్టులు రెండు రకాలు. కాంపౌండ్ గరుకు, పాలిష్ మెత్తన. మొదట పాలిష్‌తోనే మొదలుపెట్టండి. తక్కువ గరుకుతో పోయే గీతకు ఎక్కువ గరుకు వాడటం అనవసరపు ఖర్చు. ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు మూడు వేసి, అరచెయ్యంత చోట మాత్రమే రుద్దండి. గుండ్రంగా వద్దు. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, తిన్నటి గీతల్లో. వేలికొనలతో నొక్కితే ఒత్తిడి ఒక్కచోట పడి పల్లం అవుతుంది, అందుకని వేళ్లన్నీ చాపి సమంగా ఒత్తండి. పాలిష్ ఎలా మారుతుందో గమనించండి. మొదట తెల్లటి వెన్నలా ఉంటుంది. నిమిషం నుంచి రెండు నిమిషాల్లో పలచబడి, కింది రంగు కనిపించే నూనె పొరలా అవుతుంది. అక్కడ ఆపాలి. ఆపకుండా రుద్దితే పొర ఆరిపోయి, ప్యాడ్ పట్టేసినట్టు లాగుతూ పొడి రాలుతుంది.

తుడిచాక గీత పోయిందని వెంటనే సంతోషపడవద్దు. పాలిష్‌లోని నూనె గాడిని నింపి కళ్లను మోసం చేస్తుంది. ఒకపాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మూడుపాళ్లు నీళ్లు కలిపి స్ప్రే చేసి తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. కనిపించేదే అసలు ఫలితం. రెండు మూడు విడతలైనా మార్పు లేకపోతే అప్పుడు కాంపౌండ్‌కు వెళ్లండి, దాని తరవాత పాలిష్ తప్పనిసరి. కాంపౌండ్ తన సొంత సన్నగీతలు వదిలిపోతుంది. ముదురు రంగు కారులో అవి పొగమంచు పట్టినట్టు కనిపిస్తాయి.

డోరు మొత్తం, బానెట్ మొత్తం చేయాలంటే చేత్తో సాధ్యం కాదు. మెషీన్ కొనేట్టయితే డ్యూయల్ యాక్షన్ రకం తీసుకోండి. ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పోగుపడదు. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మెషీన్‌ను అనుభవం లేని చేతికి ఇవ్వకూడదు. క్షణాల్లో క్లియర్ కోట్ కాలుతుంది. అడుగున్నర చదరం చొప్పున తీసుకుని, మెషీన్ డయల్ మీద స్పీడు 4 దగ్గర పెట్టి, సెకనుకు అంగుళం చొప్పున మెల్లగా నడపండి. ఒక వరస సగం మరో వరస మీద పడాలి. ప్యాడ్ రేకు మీద ఆనాకే స్విచ్ వేయాలి, లేకపోతే పాలిష్ అంతా అద్దాల మీద చిందుతుంది. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర ఇంకా తేలిగ్గా పోనివ్వండి. రేకు వేడిని చుట్టూ పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. వేడి అక్కడే నిలిచి పెయింటు మెత్తబడుతుంది.

రుద్దేటప్పుడు ప్యాడ్‌కు కారు రంగు అంటుతోందంటే ఆగి ఆలోచించండి. పాతకాలపు ఒకే పూత పెయింటుకు అది మామూలే, దానికి వేరే క్లియర్ కోట్ ఉండదు. క్లియర్ కోట్ ఉన్న కారులో రంగు వచ్చిందంటే మాత్రం పూత దాటిపోయారు. దానికి ఇంట్లో వైద్యం లేదు, ఆ భాగానికి మళ్లీ పెయింటు కొట్టాల్సిందే. మ్యాట్ పెయింటు కార్ల జోలికైతే అసలు పోవద్దు. రుద్దినచోట మెరుపు వచ్చి అదే మచ్చగా మిగులుతుంది.

టూత్‌పేస్ట్ గురించి తప్పకుండా అడుగుతారు. అందులోనూ అరగదీసే పొడి ఉంది, ఒకట్రెండు సన్నగీతలు తగ్గుతాయి కూడా. కానీ ఆ పొడి పంటి ఎనామిల్ కోసం తయారైంది, క్లియర్ కోట్‌కు తగిన కొలతలో కాదు. చుట్టూ మసక వదులుతుంది. కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే గాడిని నింపుతాయంతే, రెండు వాషింగులకు గీత తిరిగొస్తుంది. ఇక 2000, 3000 నంబరు వాటర్ పేపర్ ఎంతో పని చేస్తుంది, నిజమే. కానీ పూత మందం కొలిచే మీటరు లేకుండా దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

గోరుకు తట్టుకునే గీతకు టచప్. డోరు తెరిస్తే స్తంభం మీదో, బానెట్ కిందో ఉండే ప్లేటు మీద పెయింటు కోడ్ ఉంటుంది. రంగు పేరు చూసి కొనకండి, ఒకే పేరులోనూ తేడాలుంటాయి. గాడిని ఆల్కహాల్‌తో తుడిచి, టచప్ సీసాలో వచ్చే కుంచె కన్నా సన్నటి పుల్లమొనతో, గాడిలో మాత్రమే రంగు నింపండి. ఒక్కసారే నింపితే ఆరేకొద్దీ కుంగిపోతుంది. అరగంటకొకటి చొప్పున పలచగా రెండు మూడు పూతలు, పైన క్లియర్ కోట్. వారం ఆరనిచ్చి, అప్పుడు మాత్రమే తేలిగ్గా పాలిష్ చేయండి.

పాలిష్ చేసిన చోట వ్యాక్స్ మిగిలి ఉండదు. అదే రోజు పలచగా వ్యాక్స్‌గానీ, వ్యాక్స్‌లాగే పెయింటును కాపాడే సీలెంట్‌గానీ పట్టించి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, ఉతికిన మైక్రోఫైబర్‌తో తుడవండి. ఆ గుడ్డల మీద ఉండే కుట్టుపట్టీ, లేబులు ముందే కత్తిరించండి, అవి కూడా గీస్తాయి.

ప్రశ్నలుంటే అడగండి.