అడ్డపొగ ఊళ్లలో ఒక టార్చి, ఒక అద్దం

యాంకర్: నమస్కారం అక్కా. శ్రీకాకుళం తీరంలో క్యాన్సర్ పరీక్షల కోసం మీ బృందం ఇల్లిల్లూ తిరుగుతోంది కదా. ముందు అడ్డపొగ అంటే ఏంటో చెప్పండి, బయటి జిల్లాల వాళ్లకు తెలియదు.

అక్క: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లే. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబారి, దాని మీద ఎర్రటి చుక్కలు వస్తాయి. నొప్పి ఉండదు. కొందరికి అదే క్యాన్సర్ అవుతుంది.

యాంకర్: నొప్పి లేకపోతే పరీక్షకు వస్తారా మరి?

అక్క: రారు. మొదట్లో స్కూల్లో క్యాంపు పెట్టి, క్యాన్సర్ పరీక్షలని మైకులో చెప్పించాం. ఆ పేరు వినగానే తలుపులు వేసుకున్నారు. ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంటే మరీనూ. అందుకే ఇప్పుడు ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, జీడితోటల్లో పని అయ్యాక సాయంత్రం ఇళ్లకే వెళ్తున్నాం. చేతిలో ఒక టార్చి, చిన్న అద్దం. "మామ్మా, నోరు తెరువు, నీ అంగిలి నువ్వే చూసుకో" అంటాం. కళ్లారా చూసుకున్నాక మన మాట చెవికెక్కుతుంది. చుట్ట మానేస్తే కొన్ని మచ్చలు తగ్గుతాయి కూడా.

యాంకర్: మచ్చ తేడాగా కనిపిస్తే?

అక్క: పెద్దాసుపత్రికి పంపి, చిన్న ముక్క తీయించి పరీక్ష చేయిస్తాం. అసలు టెన్షన్ అక్కడి నుంచే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వైద్యం ఖర్చు భారం తగ్గింది, ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు. మా ఊళ్ల నుంచి నూరు కిలోమీటర్ల పైనే. అన్నాళ్లు ఎక్కడ ఉంటారు? తోడొచ్చిన కూతురి కూలి డబ్బులు ఎవరిస్తారు?

యాంకర్: మధ్యలో మానేసిన వాళ్లున్నారా?

అక్క: ఒక మామ్మ సగంలోనే వచ్చేసింది, మేకల్ని చూసేవాళ్లు లేరని. కార్డు ఉందా అని అడిగాం గానీ ఇంట్లో పనులు ఎవరు చూస్తారని అడగలేదు. ఆ తప్పు మాదే. ఇంకా బాధగానే ఉంది. ఇప్పుడు పేరు రాసుకునేటప్పుడే వంటకు ఎవరు, మేకలకు ఎవరు, తోడు ఎవరు అని కూడా రాసుకుంటున్నాం. మొన్న ఒకావిడకు పక్కింటామె తోడు వెళ్లింది, వైద్యం అయ్యేదాకా అక్కడే ఉంది. అన్నాళ్లూ ఆ రెండిళ్ల మేకల్నీ మా ఆశా వాళ్లాయనే తోలుకెళ్లాడు.